ఫ్రెంచ్ రాకుండానే పాత ఫ్రెంచ్ కామెడీలు చూడటం ఎలా

మొదటి సినిమాకి సబ్‌టైటిల్స్ పెట్టకండి. సబ్‌టైటిల్స్ రాసి బతికే మనిషే ఈ మాట చెబుతోంది కాబట్టి కాస్త నమ్మండి. సీరియళ్లకీ డాక్యుమెంటరీలకీ తెర అడుగున వచ్చే తెలుగు వాక్యాలు రాయడం నా పని. రెండు వరుసలు, మహా అయితే ఆరేడు సెకన్లు. ఆ కాసేపూ చూసేవాళ్ల కళ్లు కిందే ఉంటాయి, పైన జరిగేది సగమే అందుతుంది. కబుర్లతో నడిచే సినిమాకి ఈ నష్టం పెద్దదేం కాదు. పాత ఫ్రెంచ్ కామెడీకి మాత్రం ప్రాణం మీదకొస్తుంది. అక్కడ జోకు చాలాసార్లు ఏదో ఓ మూల, ఎవరి కాళ్ల దగ్గరో, ఏ తలుపు వెనకో చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంటుంది.

నాకు బోంజూర్, మెర్సీ దాటి ఫ్రెంచ్ రాదు. జర్మనీలో, రష్యాలో, చెక్ దేశంలో ఈ సినిమాలకి పడి చచ్చినవాళ్లు కూడా ఫ్రెంచ్ నేర్చుకుని చూసినవాళ్లేం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టాలి, ఏవి తర్వాతకి వాయిదా వేయాలి అన్నది తెలిస్తే చాలు.

మొదట తాతి, చెవులు తెరుచుకుని

జాక్ తాతి 1953లో తీసిన 'లె వకాన్స్ ద మొస్యూ ఉలో'తో మొదలుపెట్టండి. పొడుగాటి మనిషి, నోట్లో పైపు, నడుస్తుంటే ముందుకి పడిపోతాడేమో అనిపించే వాలకం. పేరు ఉలో. సముద్రం ఒడ్డున ఓ హోటల్‌కి సెలవులకి వస్తాడు. అంతకుమించి కథ లేదు. ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో సెయింట్ మార్క్ సుర్ మేర్ అనే చిన్న ఊళ్లో తీశారు. ఉలో వేషం తాతిదే. సినిమాల్లోకి రాకముందు ఆయన మ్యూజిక్ హాల్ స్టేజీ మీద టెన్నిస్ ఆటగాణ్ణీ, గోల్‌కీపర్‌నీ, గుర్రాన్నీ దాని మీద రౌతునీ ఒక్క మాట లేకుండా అనుకరించి చూపించేవాడు. ఆ పనితనమంతా ఇందులో ఉంది.

సినిమా మొదట్లో రైల్వే స్టేషన్. మైకులో ఏదో గరగర అనౌన్స్‌మెంట్ వస్తుంది. జనం సామాన్లు పట్టుకుని మెట్లు దిగి ఇంకో ప్లాట్‌ఫారం మీదకి పరిగెడతారు. రైలు వేరే ప్లాట్‌ఫారం మీదకి వస్తుంది. మళ్లీ మైకు, మళ్లీ పరుగు. ఆ మైకులో చెప్పేది ఫ్రెంచ్ వాళ్లకీ అర్థం కాదు, అర్థం కాకూడదనే అలా రికార్డ్ చేశారు. అంటే భాష వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ తాతి మొదటి సీన్లోనే ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేశాడు.

ఈ సినిమాకి పెద్ద తెర కంటే మంచి సౌండ్ ముఖ్యం. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. తాతి సినిమాల్లో శబ్దాలన్నీ షూటింగ్ అయ్యాక విడిగా, ఒక్కొక్కటీ ఏరి కూర్చినవి. హోటల్ భోజనాల గదికి ఇటూ అటూ ఊగే తలుపు ఒకటి ఉంటుంది. తెరుచుకున్నప్పుడల్లా తీగ మీటినట్టు 'టుంగ్' అంటుంది. మొదటిసారి పట్టించుకోరు. ఐదోసారికి ఆ వెయిటర్ ఎప్పుడొస్తాడా అని మీరే ఎదురుచూస్తుంటారు. డైలాగులు వినిపిస్తాయి గానీ, పక్క గదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తాయి. వాటి కోసం చెవి రిక్కించకండి. సముద్రం, తలుపు, పింగ్‌పాంగ్ బంతి, ఉలో డొక్కు కారు. అసలు మాట్లాడేది అవే.

దగ్గరగా చూడాల్సిన సీన్ ఒకటి చెబుతాను. ఉలో కారు శ్మశానం దగ్గర ఆగిపోతుంది. టైరు మార్చుదామని లోపలి సామాన్లన్నీ బయటపడేస్తాడు. వాటితోపాటు ఒక ట్యూబు కూడా నేల మీద దొర్లుతుంది. తడిగా ఉందేమో, ఎండుటాకులన్నీ దానికి అతుక్కుంటాయి. లోపల ఎవరిదో అంత్యక్రియ జరుగుతోంది. అక్కడి మనిషి ఒకడు ఆ ట్యూబుని చూసి పూలచక్రం అనుకుని, ఎంతో మర్యాదగా తీసుకెళ్లి మిగతా చక్రాల పక్కన తగిలిస్తాడు. కాసేపటికి దాంట్లోంచి గాలి బుస్సుమని పోతుంది. ఇందులో అర్థం చేసుకోవడానికి ఒక్క మాట లేదు. వెక్కిరింత కూడా లేదు. అందరూ పద్ధతిగానే ఉన్నారు, అందువల్లే అంత ఘోరం జరిగింది. తాతి కామెడీ ఎల్లలు దాటడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. ఎవరూ వెధవ కాదు, ఎవరూ జోకు వేయరు. మర్యాద, అలవాటు, వస్తువులు కలిసి మనిషిని ఇరికిస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే కూర్చోబెట్టండి. మా అత్తయ్యకి చూపు తగ్గి తెర మీద అక్షరాలు చదవలేదు, ఇంగ్లీషు సినిమా పెడితే లేచి వెళ్లిపోతుంది. ఈ సినిమాలో ఓ బుడ్డోడు రెండు చేతుల్లో రెండు ఐస్‌క్రీములు పట్టుకుని మెట్లెక్కుతాడు. పైన తలుపు. పిడి తిప్పాలంటే ఐస్‌క్రీము ఉన్న చెయ్యే తిప్పాలి, కోను తలకిందులవుతుంది. "అయ్యో, పడిపోతుందే, ఎవరైనా తలుపు తియ్యండే" అని ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. పడిందో లేదో మీరే చూసుకోండి.

రెండోసారి చూసినప్పుడు ఉలోని వదిలేసి మిగతా హోటల్ జనాన్ని చూడండి. భార్య ముందు నడుస్తూ ఒడ్డున గవ్వలు ఏరి మురిపెంగా మొగుడి చేతికిస్తుంటుంది. వెనక వచ్చే ఆయన వాటిని నిమ్మళంగా సముద్రంలోకి విసిరేస్తుంటాడు. వాళ్లిద్దరి మీదే ఓ సినిమా తీయొచ్చు.

తర్వాత 'మొన్ ఓంక్ల్', 1958. విదేశీ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న సినిమా. ఉలో చెల్లెలూ బావగారూ అంతా ఆటోమేటిక్‌గా నడిచే కొత్త ఫ్యాషన్ ఇంట్లో ఉంటారు. ముందు తోటలో చేప ఆకారంలో ఫౌంటెన్. గేటు బెల్ మోగితే ఆవిడ పరిగెత్తుకెళ్లి ఫౌంటెన్ ఆన్ చేస్తుంది, వచ్చినవాడు ఉలోనో, సామాన్లు తెచ్చిన కుర్రాడో అయితే టక్కున కట్టేస్తుంది. నీళ్లు గొప్పవాళ్లకే. ఉలో ఉండేది పాత పేటలో, వంకరటింకర మేడ మీద. అతను గదికి వెళ్లడం కెమెరా బయట నుంచే చూస్తుంది. ఒక కిటికీలో తల, ఇంకోదాంట్లో కాళ్లు, ఎక్కాడనుకుంటే దిగుతాడు, దిగాడనుకుంటే పైన తేలతాడు. పైకి చేరాక కిటికీ రెక్క ఒకలా వంచితే దాని అద్దం మీంచి ఎండ ఎదుటి పంజరం మీద పడుతుంది, పిట్ట పాడుతుంది. రెక్క కదిలిస్తే ఆపేస్తుంది. ఈ సినిమా మొత్తంలో నాకు ఇష్టమైన సీన్ అది. అందులో నవ్వే లేదు.

'ప్లేటైమ్' (1967) మాత్రం ఫోన్లో చూడకండి. దయచేసి. అది 70 ఎం.ఎం.లో తీసిన సినిమా. పారిస్ బయట తారు రోడ్లతో, గాజు భవనాలతో ఓ పేటనే కట్టించి తీశాడు, జనం దానికి తాతీవిల్ అని పేరు పెట్టారు. ఆ అప్పుల్లో మనిషి దివాలా తీశాడు. క్లోజప్పులు దాదాపు ఉండవు. ఒకే ఫ్రేములో ఏడెనిమిది చిన్న సంగతులు ఒకేసారి నడుస్తుంటాయి. ఎక్కడ చూడాలో సినిమా చెప్పదు, మీరే వెతుక్కోవాలి. రెస్టారెంట్ గాజు తలుపు పగిలిపోయాక కూడా ద్వారపాలకుడు పిడి ఒక్కటే చేత్తో పట్టుకుని, లేని తలుపు తెరుస్తూ మూస్తూ అతిథుల్ని లోపలికి పంపుతుంటాడు. తాతివి రెండు చూశాకే దీని దగ్గరికి రండి. ముందే చూస్తే "ఏముంది ఇందులో" అంటారు, అది మీ తప్పు కాదు.

ఫ్యునెస్‌కి సబ్‌టైటిల్స్ పెట్టండి, చూపు మాత్రం మొహం మీదే

లూయీ ద ఫ్యునెస్ దగ్గర వ్యవహారం పూర్తిగా వేరు. తాతి దూరం నుంచి చూపిస్తాడు, ఈయన మొహమే తెర. పొట్టి మనిషి, బట్టతల, ఒక్కచోట నిలవడు. స్పెయిన్ నుంచి వచ్చిన కుటుంబం. చాలా ఏళ్లు బార్లలో జాజ్ పియానో వాయించి పొట్ట పోసుకున్నాడు. 1914లో పుట్టిన మనిషికి పెద్ద స్టార్ హోదా వచ్చేసరికి యాభై ఏళ్లు. ఆ పియానో లెక్క నటనలో తెలుస్తుంది. కోపం కూడా తాళంలో ఉంటుంది.

ఆయన పాత్రలన్నిటిదీ ఒకే గుణం. పైవాడి దగ్గర పిల్లి, కిందివాడి దగ్గర పులి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే ఆయన వృత్తి అనుకోండి. 1964లో వచ్చిన 'ల జాందార్మ్ ద సాంత్రొపే'లో పోలీసు, 'ల గ్రాం రెస్తొరాన్' (1966)లో హోటల్ యజమాని, 'ఆస్కార్' (1967)లో ఫ్యాక్టరీ ఓనరు. ఎక్కడైనా వరస అదే. పై అధికారి వస్తే వెన్ను వంగుతుంది, వెళ్లగానే నిటారవుతుంది, వెంటనే ఎవరో ఒక చిన్న ఉద్యోగి చెంప పగులుతుంది. ఇలాంటి బాసు లేని దేశం ఏదీ లేదు కదా. సోవియట్ యూనియన్లో కూడా జనం విరగబడి నవ్వారంటే ఆశ్చర్యం ఏముంది.

చూసే పద్ధతి: ఒక సీన్లో ఆయన కంటే పెద్దవాడు ఎవరు, చిన్నవాడు ఎవరు అన్నది ముందు తేల్చుకోండి. అది తెలిశాక సబ్‌టైటిల్ ఒక్క చూపులో చదివేసి మొహం మీదకి రావచ్చు. మాటల్లో ఉండేది సమాచారం మాత్రమే. నవ్వంతా మాట ముగిశాక ఆ ముక్కూ కనుబొమలూ చేసే పనిలో ఉంటుంది.

మొదట 'లా గ్రాండ్ వాద్రూయ్' (1966). దర్శకుడు జెరార్ ఊరీ. ఫ్రాన్స్‌లో కోటీ 70 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. 1998లో 'టైటానిక్' వచ్చేదాకా ఆ రికార్డు కదల్లేదు. 1942, జర్మన్ల చేతిలో ఉన్న పారిస్. ముగ్గురు బ్రిటిష్ వైమానికులు పారాచూట్లలో దిగుతారు. ఇళ్లకి రంగులేసేవాడిగా నటుడు బూర్విల్, ఒపేరాలో ఆర్కెస్ట్రా నడిపేవాడిగా ఫ్యునెస్ తమ ప్రమేయం లేకుండానే వాళ్లని కాపాడే పనిలో ఇరుక్కుంటారు.

టర్కిష్ స్నానాల గది సీన్ దగ్గర తొందరపడకండి. ఇద్దరూ ఆవిరిలో తువ్వాళ్లు చుట్టుకుని, పెద్ద మీసాల బ్రిటిష్ అధికారి కోసం వెతుకుతుంటారు. గుర్తు ఏమిటంటే 'టీ ఫర్ టూ' పాట ఈల వేయడం. ఒకరినొకరు చూసుకుని ఎదుటివాడు ఇంగ్లీషువాడే అనుకుంటారు. వచ్చీరాని ఇంగ్లీషులో తంటాలు పడి, కాసేపయ్యాక ఇద్దరం ఫ్రెంచ్ వాళ్లమే అని తెలుసుకుంటారు. ఇంకో భాషలో నోరు తిరగక చెమటలు పట్టిన ఎవరికైనా ఆ సీన్ తెలుసు. సినిమాలో జర్మన్లు జర్మనే మాట్లాడతారు, బ్రిటిష్ వాళ్లు ఇంగ్లీషే. అందువల్ల తెర మీద ఉన్నవాళ్లకే సగం అర్థం కాదు. మనకి తోడు దొరికినట్టే.

ఇంకోచోట పారిపోతూ గోడ దిగడానికి ఫ్యునెస్ బూర్విల్ భుజాల మీదకి దిగుతాడు. గోడ అయిపోతుంది, ఆయన మాత్రం దిగడు. బూర్విల్ మోసుకుంటూ నడుస్తూనే ఉంటాడు, పైనున్నాయన దారి చూపిస్తుంటాడు. అప్పటికే బూట్లు కూడా మార్పించుకున్నాడు. గొప్పవాడు పేదవాడి మీద ఎలా బతుకుతాడో ఇంతకంటే సూటిగా చెప్పిన పొలిటికల్ సినిమా నేను చూడలేదు.

వీళ్లిద్దరి జంట నచ్చితే 'ల కోర్న్యో' (1965) చూడండి. మొదటి నిమిషాల్లోనే బూర్విల్ చిన్న సిత్రోయెన్ కారుని ఫ్యునెస్ పెద్ద కారు గుద్దుతుంది. చిన్న కారు ఒక్కసారిగా ముక్కలు ముక్కలై రోడ్డంతా పరుచుకుంటుంది. బూర్విల్ చేతిలో స్టీరింగ్ మిగులుతుంది. అరవడు. ఇప్పుడిది మునుపటంత బాగా నడవదులెండి అన్నట్టు ఓ మాట అంటాడు, అంతే. సినిమా మధ్యలో క్యాంపు స్నానాల గదిలో ఫ్యునెస్ పక్కన కండలు తిరిగిన మల్లయోధుడు నిలబడతాడు. ఈయన తన పుల్లల్లాంటి చేతులు చూసుకుని, అతన్ని చూసి, తనూ కండలు బిగించే ప్రయత్నం చేస్తాడు. అంతా మూకాభినయమే.

డబ్బింగా, సబ్‌టైటిల్సా? ఈ గొడవలో నా వృత్తి వల్ల పక్షపాతం ఉంటుందనుకుంటారేమో. తూర్పు యూరప్ జనం ఫ్యునెస్‌ని డబ్బింగ్‌లోనే ప్రేమించారు. చెక్ భాషలో ఫ్రాంతిషెక్ ఫిలిపోవ్‌స్కీ, రష్యన్‌లో వ్లదీమిర్ కెనిగ్సన్ లాంటి మంచి నటులు ఆయనకి గొంతు ఇచ్చారు. అలాంటి నటుడు దొరికితే డబ్బింగ్ హాయి. నేను చూసిన ఇంగ్లీషు డబ్బింగులు మాత్రం గొంతుకి ప్రాణం లేక చప్పగా ఉన్నాయి. ఫ్యునెస్ మూలుగులు, ఈలలు, దగ్గులు, 'హెప్ హెప్' కేకలు పోతే సగం మనిషి పోయినట్టే. ఒరిజినల్ గొంతుతోనే చూడండి. 'ల గ్రాం రెస్తొరాన్'లో ఆయన ఓ జర్మన్ అతిథికి బంగాళాదుంప సూఫ్లే ఎలా చేయాలో జర్మన్‌లో చెబుతుంటాడు. నీడ మొహం మీద పడి మీసమూ జుట్టూ మొలిచినట్టవుతాయి, వంట చెప్పే గొంతు కాస్తా హిట్లర్ ఉపన్యాసం అయిపోతుంది. ఆ సీన్ జర్మనీలోనే ఎక్కువ ఫేమస్, ఆ వంటలో వేసే జాజికాయ గురించిన డైలాగు అక్కడ జనం నోట్లో నానింది.

ఆ కాలపు సినిమాల్లో ఇబ్బంది పెట్టేవీ ఉంటాయి. ఆడవాళ్లకి భార్య వేషమో, అందమైన అమ్మాయి వేషమో తప్ప పెద్దగా ఏమీ దక్కదు. పరాయి జాతుల మీద పాతకాలపు జోకులుంటాయి. 1973 నాటి 'లెజవాంత్యూర్ ద రబ్బీ జాకోబ్' మాత్రం దానికి ఎదురు తిరిగిన సినిమా. నోరు తెరిస్తే పరాయివాళ్లని తిట్టే వ్యాపారి ప్రాణభయంతో యూదు మతగురువు వేషం వేయాల్సి వస్తుంది. అందులో ఫ్యునెస్ చేసే డాన్సు కోసమైనా చూడాలి.

వెబేర్ సినిమాలు ఒక్క బిగిన చూడాలి

రచయిత, దర్శకుడు ఫ్రాన్సిస్ వెబేర్ కథలకి ప్రతి మాటా చదవాలి. ఇక్కడ నవ్వు కథ అల్లికలో ఉంది. పాజ్ కొట్టి ఫోన్ చూసుకుని వస్తే బిగి సడలిపోతుంది. 'ల దినే ద కోన్' (1998) ఎనభై నిమిషాల సినిమా, దాదాపు అంతా ఒకే ఫ్లాట్‌లో. ప్రతి వారం ఓ వెర్రిబాగులవాణ్ణి భోజనానికి పిలిచి నవ్వుకునే డబ్బున్న బ్యాచ్ ఒకటి ఉంటుంది. ఈసారి దొరికినవాడు ఫ్రాంస్వా పీన్యోన్, అగ్గిపుల్లలతో ఈఫిల్ టవర్ కట్టే ట్యాక్స్ ఆఫీసు గుమస్తా. భోజనం జరగనే జరగదు. పిలిచినవాడికి నడుం పట్టేసి ఇంట్లో ఇరుక్కుంటాడు, సాయం చేయబోయి గుమస్తా వాడి సంసారం కూల్చేస్తాడు. అవసరం పడి ఓ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్‌ని ఇంటికి పిలవాల్సి వస్తుంది. అంతే, గోడల మీది పెయింటింగులన్నీ గదిలో దాచేస్తారు. ఖరీదైన వైన్ చవకదిలా అనిపించాలని వెనిగర్ పోస్తారు. రుచి చూస్తే ఇంకా బాగుంటుంది! ట్యాక్స్ వాళ్ల ముందు బీద అరుపులు అరవడం ఏ దేశంలోనైనా ఒకటే.

పియెర్ రిషార్, జెరార్ దెపార్ద్యూ జంట కోసం 'లా షెవ్ర్' (1981). మెక్సికోలో తప్పిపోయిన అమ్మాయి పరమ దురదృష్టవంతురాలు, కాబట్టి అంతే దురదృష్టవంతుణ్ణి వెతకడానికి పంపితే అవే ప్రమాదాల్లో పడి ఆమెని చేరతాడన్నది లెక్క. అతన్ని ఎంపిక చేసే పరీక్ష చూడండి. గదిలో కుర్చీలన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి విరిగింది. అతను నేరుగా వెళ్లి దేంట్లో కూర్చుంటాడో చెప్పక్కర్లేదు.

ఈ కథలని హాలీవుడ్ వరసపెట్టి కొనుక్కుంది. 'లా షెవ్ర్' 1991లో 'ప్యూర్ లక్' అయింది, 'ల దినే ద కోన్' 2010లో 'డిన్నర్ ఫర్ ష్మక్స్' అయింది. కొలీన్ సెరో తీసిన 'త్ర్వా జొమ్ ఎ అన్ కూఫాం' (1985) రెండేళ్లకే 'త్రీ మెన్ అండ్ ఎ బేబీ'గా వచ్చి పెద్ద హిట్టయింది. ఏదో ఒకటే చూసే టైముంటే ఒరిజినల్ చూడండి. అమెరికన్లు చివర్లో అందరినీ మంచివాళ్లని చేసేస్తారు. వెబేర్ చివరి నిమిషంలో కూడా ఇంకో దెబ్బ వేస్తాడు.

ఇవి తర్వాత

ఫ్రెంచ్ స్నేహితులెవరైనా ఉంటే "ముందు 'లె తోంతోం ఫ్లాంగేర్' చూడు" అంటారు. వినకండి. 1963 నాటి ఆ గ్యాంగ్‌స్టర్ కామెడీకి మిషెల్ ఓదియార్ రాసిన డైలాగులు అక్కడ జనానికి కంఠతా వచ్చు. దాని బలమంతా పారిస్ యాసలో ఉంది, సబ్‌టైటిల్లో అది మిగలదు. నాలాంటివాళ్లు ఎంత తన్నుకున్నా మిగలదు. ఉత్తరాది యాస మీద నడిచే 'బ్యాంవెన్యూ షె లె ష్తీ' (2008) కూడా అంతే, ఫ్రాన్స్‌లో రెండు కోట్ల టికెట్లు దాటినా మొదటి వారంలో పెట్టుకోవద్దు.

వెతికేటప్పుడు

ఒక్కో సినిమాకి ఇంగ్లీషులో రెండుమూడు పేర్లుంటాయి. పేరుతో కాకుండా దర్శకుడి పేరు, సంవత్సరం కలిపి వెతికితే తొందరగా దొరుకుతుంది. తాతి సినిమాలకైతే ఏ వెర్షనో చూసుకోండి. 'మొస్యూ ఉలో'ని ఆయనే మళ్లీ ఎడిట్ చేసి, 1978లో విరిగిన పడవ సొరచేప నోరులా తెరుచుకునే షాట్లు కలిపాడు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఆ రూపమే. పల్లెటూరి పోస్ట్‌మన్ కథ 'జూర్ ద ఫెత్' (1949) అయితే మూడు రకాలు. కలర్లో తీయబోతే ఆ కొత్త ఫిల్ముని ప్రింట్ చేయడం కుదర్లేదు. పక్కన ఇంకో కెమెరాతో తీసిన బ్లాక్ అండ్ వైట్‌నే విడుదల చేశారు. 1964లో అక్కడక్కడా రంగులద్ది ఇంకోటి వచ్చింది. అసలు కలర్ నెగెటివ్‌ని ఆయన కూతురు సోఫీ బాగుచేయించి 1995లో బయటికి తెచ్చింది. రంగులు కాస్త వెలిసినట్టుంటాయి. పిల్లలతో చూసేటట్టయితే అదే వెతకండి, జెండాలు కట్టిన ఆ తిరునాళ్ల వీధి రంగుల్లోనే బాగుంటుంది.